సగం షట్టర్ కింద కట్టిన శ్రుతి

గొప్పలు చెప్పుకోకూడదని చిన్నప్పటి నుంచి నాకు చాలామంది చెప్పారు. నేను ఎవరి మాటా వినలేదు. జనగామ స్టేషన్ రోడ్డులో రేడియోలు, టేపురికార్డర్లు, మైకుసెట్లు బాగుచేసే దుకాణం మాది. అందులో ఒక ఆడపిల్ల సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని కూర్చుంటే, వచ్చినవాడు ముందుగా "మెకానిక్ లేడా?" అని అడుగుతాడు. "ఉన్నది, చెప్పు" అని కళ్ళలోకి చూసి అనాలంటే మనిషికి కాస్త పొగరుండాలి. నాకు కాస్త కాదు, బాగానే ఉంది. అందుకే ఇక్కడ నా గొప్ప నేనే చెప్పుకుంటున్నాను.

దుకాణం మా నాన్నది. మేం ఆయన్ని అబ్బా అంటాం. వాల్వు రేడియోల కాలం నుంచి ఆ కుర్చీ వదలని మనిషి. నేను ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి వచ్చేసరికి ఆయన రెండు కళ్ళకూ శుక్లాలు కమ్మాయి. దవాఖానకు పోదాం, ఆపరేషన్ చేయిద్దాం అంటే "నక్కో" అని ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు. దాంతో పని పంచుకున్నాం. కళ్ళు, చేతులు నావి. చెవులు ఆయనవి. స్పీకర్‌లో సన్నగా తేడా వినిపిస్తే చాలు, లోపల ఏది పోయిందో కూర్చున్నచోటి నుంచే చెప్పేవాడు. చాలాసార్లు అదే నిజమయ్యేది. కానిరోజున నేను వారం పాటు దెప్పేదాన్ని. మెచ్చుకోవడం మాత్రం ఆయనకు చేతకాదు. నేను ఎంత బాగా చేసి చూపించినా "జర గరగర ఉన్నది" అనేవాడు.

అవి సకల జనుల సమ్మె రోజులు. అప్పటికి జనగామ, మానుకోట, భూపాలపల్లి అన్నీ ఒకే జిల్లా. బస్సులు డిపో దాటలేదు. బడులకు తాళాలు పడ్డాయి. ఆఫీసుల ముందు టెంట్లు వెలిశాయి. పత్తి మార్కెట్టులో కాంటాల దగ్గర కుక్కలు పడుకున్నాయి. దుకాణాలన్నీ బంద్. బంద్ పాటించడానికి మా రోడ్డుకొక పద్ధతి ఉండేది. షట్టర్ సగం దాకా దించి, నడుమెత్తు సందు ఉంచి, లోపల ఎవరి పని వాళ్ళు చేసుకునేవాళ్ళు. ఊరేగింపు డప్పు వినిపించగానే ఆ సందు కూడా నేలదాకా మూసేయాలి. డప్పు దూరమయ్యాక మళ్ళీ సగం ఎత్తుకోవాలి.

మేం బంద్‌కు ఎదురు తిరిగినవాళ్ళం అనుకోకండి. పొద్దున "షట్టర్లు దించున్రి" అని అరుచుకుంటూ పోయినవాళ్ళే పదకొండు గంటలకు నోరు పడిపోయిన మైకును చంకలో పెట్టుకుని ఆ సందులోంచి వంగి వచ్చేవాళ్ళు. మైకు పలకకపోతే ఉద్యమం ఎలా నడుస్తుంది? ఆ నెలలో మేం విప్పి బిగించినన్ని ఆంప్లిఫయర్లు నా జన్మలో మళ్ళీ విప్పలేదు. తెలంగాణ గొంతు నా టేబుల్ మీది నుంచే పోయిందని ఇప్పటికీ అంటుంటాను. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ.

అలా వంగి వచ్చినవాళ్ళలో ఒకాయన ఉన్నాడు. వయసులో నాకన్నా పదేళ్ళు పెద్ద, అందుకే అన్న అని పిలిచాను. నర్సింహులపేట దగ్గరి పల్లె ఆయనది. వ్యవసాయం చేసుకుంటూ, ఊరూరా ఉద్యమ పాటలు పాడే ధూంధాం బృందంలో హార్మోనియం వాయించేవాడు. ఏడాది కిందట వడ్లు నూర్చే మిషన్ బెల్టులో కుడిచెయ్యి పడింది. నడిమి మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. బృందం ఆయన్ని వదిలేయలేదు. వైర్లు చుట్టడం, స్పీకర్లు దించడం, ఆంప్లిఫయర్‌ను రిపేరుకు మోసుకురావడం ఆయన పనయింది. ఇవన్నీ నాకు తర్వాత తెలిసిన సంగతులు. ఆ రోజు నాకు కనిపించింది, ఎడమచేత్తో ఆంప్లిఫయర్‌ను ఛాతీకి అదుముకుని, కుడిచేతికి తువ్వాల చుట్టుకుని లోపలికి వచ్చిన మనిషి.

అబ్బా అలికిడి విని అలవాటుగా చెయ్యి చాపాడు. అన్న పెట్టె కింద పెట్టి, కాసేపు తటపటాయించి, ఎడమచెయ్యి ఇచ్చాడు. కళ్ళు సరిగా కనబడకపోయినా చెయ్యి అందగానే అబ్బాకు తెలిసిపోయింది.

"ఏం బేటా, ఎడమచెయ్యి ఇస్తవేంది? గిట్లనే నేర్పిన్రా ఇంట్ల?" అన్నాడు.

అన్న ముఖం మాడిపోయింది. నాకు అప్పుడే తువ్వాల మడతలోంచి ఆ చెయ్యి కనిపించింది. "ఆ చేతిల సామానున్నది అబ్బా" అని గబుక్కున అబద్ధం చెప్పాను. అన్న వెళ్ళాక నిజం చెబితే అబ్బా ఆ పూట అన్నం సరిగా తినలేదు. ఆ తర్వాత ఆయనకు ఎప్పుడూ చెయ్యి చాపలేదు కూడా. నేను చాపితే మళ్ళీ దాచుకోవాల్సి వస్తుంది కదా అన్నాడు.

అన్న వెళ్ళకముందే దుకాణంలో ఇంకో సంగతి జరిగింది. అది చెప్పాలంటే మా దొంగ అలారం గురించి చెప్పాలి. చీకటి పడగానే తమంతట తామే వెలిగే వీధిదీపాలు ఉంటాయి కదా. వాటి పెట్టెలో కందిపప్పు బద్దంత చిన్న బిళ్ళ ఒకటి ఉంటుంది. దాని మీద జంతికలా మెలికలు తిరిగిన గీత ఉంటుంది. మా పనిలో దాన్ని ఎల్డీఆర్ అంటారు. వెలుతురు పడితే కరెంటును ధారాళంగా పోనిస్తుంది, నీడ పడితే బిగబట్టేస్తుంది. ఐటీఐ అయిన కొత్తలో అలాంటి బిళ్ళకు శబ్దం పుట్టించే ఒక ఐసీ, అరచేతిలో పట్టే స్పీకరు తగిలించి షట్టర్ వెనక బిగించాను. దొంగ వచ్చి టార్చి వేస్తే కీచుమని అరవాలి. దొంగ ఎవడూ రాలేదు. పొద్దున స్విచ్ తీయడం మరచిపోయి షట్టర్ ఎత్తి నేనే అదిరిపడేదాన్ని.

ఆ రోజు అన్న తెచ్చిన ఆంప్లిఫయర్‌కు వైరు తగిలించబోయి పొరపాటున అలారం స్విచ్ నొక్కాను. సగం షట్టర్ వెలుతురు చాలక అది అరవలేదు. ఊఁ అని కింది గొంతుతో మూలగడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే రోడ్డు చివర డప్పు మోగింది. "దించు, దించు" అన్నాడు అబ్బా. నేను షట్టర్ దించుతుంటే ఆ మూలుగు కూడా దిగుతూ పోయి బొంగురై ఆగిపోయింది. ఊరేగింపు పోయాక ఎత్తుతుంటే గొంతు సవరించుకుంటూ మళ్ళీ పైకి లేచింది. నాకది రోజూ ఉండే గోలే. అన్న మాత్రం అలాగే నిలబడిపోయాడు.

"చెల్లె, జర ఆగు. మల్ల దించు" అన్నాడు.

"ఎందుకన్నా?"

"దించు చెప్త. మెల్లగ. ఆఁ, గాడ ఆపు. ఇగ జానెడు ఎత్తు. బెత్తెడు దించు."

ఐదారుసార్లు నాతో అలా ఎత్తించి దించాడు. నాకు నడుము నొప్పి పుట్టి విసుక్కున్నాను. అప్పుడు ఆయనే వంగి షట్టర్ కడ్డీ పట్టుకున్నాడు. ఎత్తుతూ, దించుతూ, ఆపుతూ, రేకు చప్పుడు మధ్యలోంచి ఒక బాణీ పలికించాడు. మా వైపు నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్ళు పాడుకునే బాణీ అది. నేను పుట్టినప్పటి నుంచి విన్నదే. దొంగ అలారంలోంచి అది వస్తుంటే నా ఒళ్ళు ఝల్లుమంది.

అబ్బా కుర్చీలో ముందుకు వంగాడు. "షట్టర్ వాయించేటోన్ని గిప్పటిదాక ఇనలే" అన్నాడు.

అన్న కింద కూలబడ్డాడు. ఆయాసంతో కాదు. "ఏడాదైంది చాచా, నేనొక పాట పలికించక" అన్నాడు అబ్బాతో. తర్వాత నాతో, "హార్మోనియంకు మెట్లుంటయి చెల్లె. మెట్టుకు మెట్టుకు నడుమ ఉండేది దాంట్ల పలకదు. మన ఆడోళ్ళ పాటంత గా నడిమిట్లనే ఉంటది. గీనికి మెట్లే లేవు, అంత జారుడే" అన్నాడు.

నా పొగరు నన్ను ఊరుకోనివ్వలేదు. "షట్టర్ ఎందుకన్నా, నీ అరచేతి నీడ సాలు. నేను చేసిస్త. గీ బిళ్ళకు వేళ్ళు లెక్కపెట్టరాదు" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన చేతి గురించి ఎవరూ ఎత్తని మాట అది. ఆయన ముందు ఉలిక్కిపడ్డాడు. తర్వాత పెద్దగా నవ్వాడు.

వారం రోజులు పట్టింది. దుకాణంలో ఒక పాత రేడియో కర్రపెట్టె ఉండేది. లోపల సామాను ఎప్పుడో పోయింది. పెట్టె మాత్రం అబ్బా ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు. దాన్ని ఆయనే దులిపి నా ముందు పెట్టాడు. పైన రెండు కన్నాలు పెట్టి కింద రెండు బిళ్ళలు బిగించాను. కుడివైపు దాని మీద నీడ తగ్గితే స్వరం పైకి పోతుంది, నీడ పెరిగితే కిందికి దిగుతుంది. ఎడమవైపుది శబ్దానికి. దాన్ని అరచేత్తో పూర్తిగా కప్పేస్తే నిశ్శబ్దం. ముట్టుకోవలసింది ఏదీ లేదు. చేతిని గాలిలో ఆడించడమే. అంతా ఒక చిన్న బ్యాటరీ మీద నడిచేది.

ట్యూబ్‌లైట్ కింద పెట్టి చూస్తే ఈగలు ముసిరినట్టు ఒక గుర్రు వినిపించింది. అబ్బా చెవి దాన్ని ఓర్చుకోదు. పైగా బొగ్గు బాయిల్లో సమ్మె, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అందుకని పగటి వెలుతురులోనే శ్రుతి చేద్దామనుకున్నాం. పొద్దున పదింటి నుంచి రోడ్డు మీది ఎండ నేలకు కొట్టి షట్టర్ కిందుగా లోపలికి వచ్చేది. ఆ వెలుతురులో పెట్టె పెట్టి అన్న వాయిస్తే అబ్బా వినేవాడు. "ఎక్కువైంది. జర తగ్గించు. ఇంకొంచెం" అనేవాడు. నేను సన్న స్క్రూడ్రైవర్‌తో లోపలి మరను వెంట్రుకవాసి తిప్పేదాన్ని. అంత నాజూకైన పని నేను అంతకుముందు చేయలేదు.

అన్నకు మొదటి రెండు రోజులు ఒక్క స్వరం నిలవలేదు. ఊపిరి పీల్చినా చెయ్యి కదిలి పాట జారిపోయేది. మూడో రోజు నుంచి తువ్వాల తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు, మా ఇద్దరి ముందు మాత్రమే. ఎవరైనా షట్టర్ కింద వంగుతున్న నీడ కనబడితే మళ్ళీ చుట్టుకునేవాడు. ఐదో రోజు నాట్ల బాణీ మొదటి నుంచి చివరిదాకా తడబడకుండా పలికింది. మిగిలిన ఆ రెండు వేళ్ళు విప్పి ముడుస్తుంటే నీడ సన్నగా వణికేది, దాంతో పాట కూడా వణికేది. ఐదు వేళ్ళతో ఆ వణుకు వచ్చేది కాదని ఆయనే అన్నాడు. అబ్బా "జర గరగర ఉన్నది" అన్నాడు. పాసయ్యామని నాకు తెలిసిపోయింది.

ఆరో రోజు బృందం నడిపే అక్క వచ్చింది. పొడుగు మనిషి, పెద్ద గొంతు, భుజం మీద ఎప్పుడూ నల్ల గొంగడి. గొంగడి లేకుండా ఆమె పాడగా ఎవరూ చూడలేదు. పెట్టెను చుట్టూ తిరిగి చూసింది. అన్న వాయించాడు, కానీ ఆమె ముందు చెయ్యి బిగుసుకుపోయి రెండుచోట్ల తప్పాడు.

"గిదేంది తమ్మీ, పిల్లి మూలిగినట్టు" అంది అక్క. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆమె ముఖంలో వెటకారం లేదు. ఆయన పక్కన కూర్చుంది. "నీకు సక్కగ చెప్త. నువ్వు వైర్లు మోస్కుంట కింద నిలబడితే నిన్ను జూసి నా పాట తప్పుతున్నది. నాతోని కాదిగ. ఎల్లుండి భూపాలపల్లిల వంటావార్పు ఉన్నది. గాడ వాయించు. మంచిగొస్తే ఇగ ప్రతి సభల నా పక్కన నువ్వే. రాకుంటే ఏమనుకోకు, ఇంటికి పో. పొలం జూసుకో."

అన్న సరేనన్నాడు. ఆమె వెళ్ళాక తువ్వాల మళ్ళీ చుట్టుకుని, "పొలమైతె ఎట్లైనా చేస్త చెల్లె. గని గీ కొట్లాటల నా పాట లేదంటె, తెలంగాణ వచ్చినంక నేనేమని చెప్పుకోవాలె?" అన్నాడు. నేను పెట్టె మూత తీసి ప్రతి అతుకూ ఇంకోసారి సరిచూశాను.

"పెట్టె పరేషాన్ చేస్తే ఎవలు జూస్తరు? నువ్వు పో" అన్నాడు అబ్బా. "పాట టైముకు ఫోన్ చేసి స్పీకర్ కాడ పట్టు. నేను గీడ కూసోని ఇంట." అలా వంటావార్పు రోజు తెల్లవారుతూనే బృందంతో కలిసి పైకప్పు లేని డీసీఎం బండి ఎక్కాను. దారి పొడుగునా పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నాను. బండిలో ఉన్నవాళ్ళకు అది రేడియో కాదని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. దీనితో అన్న పాట వాయిస్తాడంటే అక్క తప్ప ఒక్కరూ నమ్మలేదు.

భూపాలపల్లిలో పెద్ద రోడ్డంతా పొయ్యిలే. మూడేసి రాళ్ళు పెట్టి కట్టెలు ఎగదోస్తున్నారు. బొగ్గు బాయి కార్మికులు పెళ్ళాం పిల్లలతో సహా వచ్చి బియ్యం కడుగుతున్నారు, కూరగాయలు తరుగుతున్నారు. మా డీసీఎం బండినే వేదిక చేశారు. ఎండ నడినెత్తి మీద ఉంది. అక్క రెండు పాటలు పాడి జనాన్ని ఊపేసింది. మూడోది నాట్ల బాణీలో కట్టిన పాట. అన్న బండి మధ్యలో కూర్చున్నాడు. నేను పెట్టె ఆయన ముందు పెట్టి వైరు తగిలించి, అబ్బాకు ఫోన్ కలిపి స్పీకర్ పక్కన పట్టుకున్నాను. స్విచ్ వేశాను.

చెవులు చిల్లులు పడేటట్టు ఒకటే కీచు. అన్న చెయ్యి దించాడు, ఎత్తాడు, పక్కకు జరిపాడు. కాస్త మారింది కానీ కీచు కీచుగానే ఉంది. అక్క పాట ఎత్తుకోబోయి ఆగిపోయింది.

పొయ్యి దగ్గరి నుంచి ఎవరో అరిచారు. "కుక్కర్ కూతేస్తున్నదే, ఎవలన్న దించున్రి!"

రోడ్డు రోడ్డంతా ఘొల్లున నవ్వింది. సినిమాల్లో మా తెలంగాణ యాసను పెట్టి నవ్వించినప్పుడల్లా మండిపడేదాన్ని. ఇక్కడ నవ్వింది మావాళ్ళే, అందుకు ఇంకా మండింది. అన్న కుడిచెయ్యి ఒళ్ళో దాచుకుని తువ్వాల కోసం వెతుక్కుంటున్నాడు. అక్క ఆయన వైపు చూడకుండా రోడ్డు వైపు చూస్తోంది. ఆయన నడిచి వెళ్ళిపోవడం ఒక్కటే మిగిలింది.

మైకు లాక్కున్నాను. "నవ్వుకున్నరు గదా, మంచిది. గిది నేను చేసిన పెట్టె. జనగామల చేసిన. జర ఐదు నిమిషాలు ఆగున్రి, అప్పటికీ పలకకుంటే నన్ను జూసి నవ్వున్రి, ఆయన్ను కాదు" అన్నాను. బ్యాటరీ చూశాను, బాగుంది. వైర్లు బాగున్నాయి. పొయ్యిల పొగ వల్లా అనుకున్నాను, కాదు. నా చున్నీ తీసి పెట్టె మీద కప్పాను. కీచు ఒక మెట్టు దిగింది. అంతే, అర్థమైపోయింది.

తప్పు నాది. మొత్తం నాదే. ఆ పెట్టె పుట్టిందీ, పెరిగిందీ బంద్ దుకాణంలో. వారం రోజులు నేను వెంట్రుకవాసి చొప్పున తిప్పిన మర సగం షట్టర్ వెలుతురుకు సరిపోయిన మర. బయట ఎండ అనేది ఒకటుంటుందని ముగ్గురిలో ఒక్కరికి కూడా తోచలేదు. బంద్‌కు అంతలా అలవాటు పడిపోయాం.

"అక్కా, నాకు షట్టర్ కావాలె" అన్నాను.

"ఏంది?"

"నీ గొంగడి ఇయ్యి."

ఆమె భుజం మీద చెయ్యి వేసుకుంది. "గొంగడి తీస్తే నేనెట్ల పాడాలె?"

"నువ్వు గొంగడి లేకుంటనే పాడగలవక్కా. ఆయన గొంగడి లేకుంటే వాయించలేడు."

అక్క నన్ను ఒక క్షణం కొరకొరా చూసింది. తర్వాత గొంగడి లాగి నా మీదికి విసిరింది. వానలో కప్పుకున్నట్టు దాన్ని అన్న తల మీది నుంచి పెట్టె దాకా కప్పాను. ముందువైపు మాత్రం అంచును రెండు జానల ఎత్తున ఉంచి వదిలాను. నేల వెలుతురు కిందుగా లోపలికి పోయింది. మా దుకాణంలో పోయినట్టే.

లోపలి నుంచి ఊఁ అని వినిపించింది. కింది స్వరం. మా అలారం స్వరం. అది నిలిచింది. మెల్లగా లేచింది, జారింది, వణికింది. నాట్ల బాణీ అని జనానికి అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు. బియ్యం కడుగుతున్న ఒక అవ్వ చేతులు నీళ్ళలోనే పెట్టి తలెత్తి చూసింది. అక్క భుజం మీద ఏమీ లేకుండా నిలబడి, కళ్ళు మూసుకుని పాట ఎత్తుకుంది. ఆమె గొంతు ఎక్కడికి పోతే ఆ పెట్టె అక్కడికి పోయింది. రెండు మెట్ల మధ్య ఉండే చోటుకు కూడా పోయింది. ఎవరూ నవ్వలేదు. ఒక పొయ్యి మీద అన్నం అడుగంటిన వాసన వచ్చింది, అయినా ఎవరూ గంటె పట్టుకోలేదు. నేను ఏడ్చాను. సంతోషంతో ఏడ్చాను, గర్వంతో ఏడ్చాను, పొగ అని ఎవరికీ చెప్పలేదు.

చివరి చరణం దగ్గర మబ్బు వచ్చింది. వెలుతురు తగ్గింది, స్వరం దిగిపోసాగింది. అక్క గొంతు పైన, పెట్టె కింద. నేను గొంగడి ఎత్తబోయాను, చేతుల్లో ఒకదాంట్లో ఫోను, ఇంకోదాంట్లో జారిపోతున్న స్పీకరు వైరు. అప్పుడు గొంగడి అంచు కిందుగా అన్న కుడిచెయ్యి బయటికి వచ్చింది. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య గొంగడి అంచు పట్టుకుని పైకి ఎత్తాడు. స్వరం లేచి అక్క గొంతును అందుకుంది. ఇక ఆయన చెయ్యి లోపలికి తీసుకోలేదు. మొదటి రోజు మా షట్టర్ వాయించినట్టే గొంగడి అంచును ఎత్తుతూ, దించుతూ, ఆపుతూ ఆ చరణమంతా బయటే వాయించాడు. ఏడాది పాటు తువ్వాలలో దాచిన చెయ్యిని భూపాలపల్లి మొత్తం చూసింది. పాట అయిపోయాక కూడా అది అలాగే గాలిలో ఉంది.

తిరుగు ప్రయాణంలో అక్క గొంగడి అడగలేదు. అన్న అడిగాడు, తీసుకోమని. "ఉంచుకో తమ్మీ, నీ పెట్టెకు షట్టర్ కావాలె గదా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "నీ నోరు చాన పెద్దది" అంది. కాదనలేదు నేను.

మర్నాడు అన్న దుకాణానికి వచ్చాడు. షట్టర్ సగమే ఉంది, వంగి వచ్చాడు. భుజం మీద గొంగడి, చేతికి తువ్వాల లేదు. అబ్బా అడుగుల చప్పుడు గుర్తుపట్టాడు.

"ఫోన్ల ఇన్న" అన్నాడు. "అంత మంచిగనే ఉన్నది. ఆఖరి చరణంల శ్రుతి జర దిగింది."

నాకు కోపం తన్నుకొచ్చింది. నోరు తెరిచేలోపే అన్న నవ్వాడు.

"మబ్బొచ్చింది చాచా. చెయ్యి బయటపెట్టి ఎత్తుకున్న" అన్నాడు. అని, అడగకముందే కుడిచెయ్యి చాపి అబ్బా చేతిలో పెట్టాడు.

అబ్బా ఆ చెయ్యిని రెండు చేతులతో పట్టుకున్నాడు. బొటనవేలు తడిమాడు, ఖాళీగా ఉన్నచోటు తడిమాడు, చిటికెనవేలు తడిమాడు. నేను తెచ్చిన చాయ్ చల్లారిపోయింది.

"గీ చెయ్యికి గరగర లేదు" అన్నాడు.